పగలు తిరిగి దొరికిన ఊరు

(విశాఖపట్నంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. ఇంత ఎండలో ఇంతమంది వచ్చారు, చాలా సంతోషం.

మధ్యధరా తీరాన కూర్చుని ల్యాప్‌టాప్‌తో ఉద్యోగం చేయడం ఎలా ఉంటుందో చెప్పమని నన్ను పిలిచారు. ఆ సముద్రం చుట్టూ ఇరవై చిల్లర దేశాలున్నాయి. వాటన్నిటి గురించీ మాట్లాడే అనుభవం నాకు లేదు. నాకు తెలిసింది ఒక్క దేశం, అందులోనూ ఒక్క ఊరు. మధ్యధరాలోనే భాగమైన ఏడ్రియాటిక్ సముద్రం ఒడ్డున, క్రొయేషియాలో ఉన్న స్ప్లిట్. 2023 అక్టోబరు నుంచి 2024 సెప్టెంబరు దాకా అక్కడ ఉండి పనిచేశాను. నేను చెప్పేదంతా ఆ ఏడాదిలోంచే చెప్తాను.

ముందు ఎందుకు వెళ్లానో చెప్పాలి. నేను నిద్ర కోసం వెళ్లాను.

పదకొండేళ్లు మన పెదవాల్తేరులో కూర్చుని అమెరికా తూర్పు తీరంలోని టీమ్‌తో పనిచేశాను. వాళ్లకు ఉదయం తొమ్మిదైతే మనకు ఎండాకాలంలో సాయంత్రం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. వాళ్ల రోజు ముగిసేసరికి మనకు రాత్రి రెండున్నరో మూడున్నరో అవుతుంది. ఈ హాల్లో చాలామందికి ఈ లెక్క నేను చెప్పక్కర్లేదు. కిటికీలకు నల్ల గుడ్డ కట్టుకుని, పాల ప్యాకెట్లు వచ్చే వేళకు పడుకునేదాన్ని. సముద్రం ఇంటి నుంచి నడిచి వెళ్లేంత దూరంలోనే ఉంది. అయినా ఎండ పొడ తగలక ఒంట్లో విటమిన్ డి అడుగంటిందని రిపోర్టు వచ్చింది. ఆ కాగితం చూసి మా అమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఇక ఏదో ఒకటి చేయాలని ఆ రోజే అనుకున్నాను.

అప్పుడు ప్రపంచ పటం తీసి గడియారం లెక్క చూసుకున్నాను. స్ప్లిట్‌లో అదే ఉద్యోగం మధ్యాహ్నం మూడింటికి మొదలై రాత్రి పదకొండుకు ముగుస్తుంది. పన్నెండుకు పడుకుంటే ఏడింటికి లేవచ్చు. ఏడు నుంచి మూడు దాకా ఎనిమిది గంటల పగలు నా సొంతం. మీలో రాత్రి షిఫ్టులు చేసేవాళ్లకు ఈ మాట విలువ తెలుస్తుంది. మిగతావాళ్లకు ఎంత చెప్పినా చాలదు.

ఇందులో ఒక చిన్న తిరకాసు ఉంది, వెళ్లాలనుకునేవాళ్లు రాసిపెట్టుకోండి. అమెరికాలో గడియారాలు మార్చి రెండో ఆదివారం మారతాయి. యూరప్‌లో మార్చి ఆఖరి ఆదివారం. ఆ మధ్య వారాల్లో తేడా ఆరు గంటలకు బదులు ఐదే. నాకు అది తెలియక 2024 మార్చి 11న క్లయింట్ మీటింగ్‌కు గంట ఆలస్యమయ్యాను. ఆ రోజు పడ్డ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

ఇక ఆ దేశం మనలాంటి వాళ్లను ఎలా రానిచ్చిందో చెప్తాను. 2020 జూలైలో, కరోనా రోజుల్లో, అక్కడ స్థిరపడిన యాన్ డి యోంగ్ అనే డచ్ వ్యాపారి ప్రధాని ఆంద్రే ప్లెంకోవిచ్‌కు బహిరంగ లేఖ రాశాడు. దూరం నుంచి పనిచేసేవాళ్లకు ప్రత్యేక అనుమతి ఇవ్వండి, పర్యాటకులు లేని నెలల్లోనూ మీ తీరం బతుకుతుంది అన్నది ఆయన వాదన. ఆరు నెలలు తిరక్కుండానే, 2021 జనవరి 1 నుంచి, విదేశీయుల చట్టంలో అది చేరింది. ఒక ఉత్తరం అంత త్వరగా చట్టమవడం నాకు ఆశ్చర్యంగానే అనిపించింది. కానీ ఆ దేశం పరిస్థితి చూస్తే అర్థమవుతుంది. 2011 జనాభా లెక్కల్లో దాదాపు 43 లక్షలు ఉన్నవాళ్లు 2021కి 39 లక్షల లోపుకు తగ్గారు. 2013లో యూరోపియన్ యూనియన్‌లో చేరాక వాళ్ల పిల్లలు జర్మనీకి, ఐర్లండ్‌కు వెళ్లిపోయారు. ఇళ్లున్నాయి, మనుషులు లేరు. ఆ ఖాళీని నింపుకునే దారుల్లో మనమూ ఒకటి.

అనుమతికి ఏం కావాలో త్వరగా చెప్పేస్తాను. పని క్రొయేషియా బయటి కంపెనీకే చేయాలి, అక్కడి కంపెనీకి చేయకూడదు. ఆదాయం అక్కడి సగటు నికర జీతానికి రెండున్నర రెట్లు ఉండాలి. 2025లో ఆ మొత్తం నెలకు 3,295 యూరోలు, అంటే మూడు లక్షల రూపాయల పైమాటే. ఇలాంటి అనుమతికే గ్రీసు 3,500 అడుగుతుంది. ఈ అంకె దగ్గరే మనవాళ్లలో చాలామంది ఆగిపోతారు, అది దాచి మాట్లాడటం నాకు ఇష్టం లేదు. ఆరోగ్య బీమా కావాలి. మన దగ్గర పాస్‌పోర్టు ఆఫీసు ఇచ్చే పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్‌కు, అది విదేశాల్లో చెల్లేలా, విదేశాంగ శాఖ అపోస్టిల్ ముద్ర వేయించుకోవాలి. అక్కడ ఒక చిరునామా చూపించాలి. నేను వెళ్లినప్పుడు గరిష్ఠంగా ఏడాది ఇచ్చేవారు, ఇప్పుడు 18 నెలల దాకా ఇస్తున్నారు. గడువు అయ్యాక ఆరు నెలలు ఆగితే తప్ప మళ్లీ అడగడానికి లేదు. దేశంలో దిగిన మూడు రోజుల్లో పోలీసు స్టేషన్‌కు వెళ్లి చిరునామా నమోదు చేయించుకోవాలి. పదకొండు అంకెల గుర్తింపు సంఖ్య ఒకటి ఇస్తారు, మన ఆధార్ లాంటిది. అది లేకపోతే అక్కడ ఏ పనీ కదలదు.

పన్ను సంగతి అందరూ అడుగుతారు. ఈ అనుమతి మీద ఉన్నవాళ్లకు బయటి నుంచి వచ్చే జీతం మీద క్రొయేషియా ఆదాయపు పన్ను వేయదు. అంటే అసలు పన్నే కట్టక్కర్లేదని అర్థం కాదు. ఏడాదిలో ఎన్ని రోజులు ఇండియాలో ఉన్నారు, ఆదాయం ఎక్కడ పుట్టింది అన్నది ఇక్కడి లెక్క. 2020 ఫైనాన్స్ చట్టం మరో మెలిక పెట్టింది. ఇండియాలో పుట్టిన ఆదాయం 15 లక్షలు దాటి, వేరే ఏ దేశంలోనూ పన్ను బాధ్యత లేని భారత పౌరుణ్ని ఇక్కడి నివాసిగానే లెక్కిస్తారు. మంచి సీఏను అడగకుండా విమానం ఎక్కకండి.

కాగితాల్లో నన్ను ఎక్కువ ఏడిపించింది చిరునామా. స్ప్లిట్‌లో ఇల్లు దొరకడం కష్టమేమీ కాదు. ఏడాది పొడుగునా ఉండనిచ్చే ఇల్లు దొరకడమే కష్టం. అక్కడ ఇళ్ల యజమానుల క్యాలెండర్ రెండు ముక్కలు. అక్టోబరు నుంచి మే దాకా ఒకటి, జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఒకటి. నేను తీసుకున్న ఒకటిన్నర గదుల ఇల్లు చలికాలంలో నెలకు 600 యూరోలు. అదే ఇంటికి జూలైలో పర్యాటకులు ఒక్క రాత్రికి 110 ఇస్తారు. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టుకుంటే, మే నెలాఖరుకు ఖాళీ చేయమనే ఇంటివాళ్లను తప్పుపట్టలేం. ఐదుగురు యజమానులు నోటరీ దగ్గర ఒప్పందం రాసివ్వమనగానే ఫోన్ ఎత్తడం మానేశారు. ఆరో ఆవిడ ఒప్పుకున్నారు.

ఆవిడకు డెబ్బై దాటాయి. ఇల్లు వెలీ వరోష్ అనే పాత పేటలో, మర్యాన్ కొండ మొదట్లో. ఒకప్పుడు జాలర్లు, రైతులు ఉన్న పేట అది. రాతి గోడలు, రాతి మెట్లు, ఇద్దరు ఎదురైతే ఒకరు పక్కకు ఒదగాల్సినంత సన్నని సందులు. కింద ఆవిడ, పైన నేను. మొదటి రోజు ఆవిడ నాకు తాళాలకంటే ముందు బట్టలారేసే తీగ చూపించారు. దాన్ని అక్కడ తీరామోలా అంటారు. మన కిటికీకి ఒక కప్పీ, సందుకు అవతలి గోడకు ఒక కప్పీ, మధ్యలో చుట్టూ తిరిగే తాడు. కిటికీలో నిలబడి ఒక్కో బట్టకూ క్లిప్పు పెట్టి తాడు లాగితే అది సందు మీదికి వెళ్తుంది. మళ్లీ లాగితే వెనక్కి వస్తుంది. దాని కింద నుంచి మనుషులు నడుస్తుంటారు కాబట్టి, నీళ్లు కారేలా ఆరేయకూడదు, బాగా పిండాలి. ఆవిడ ఇంగ్లీషులో ఒక్క ముక్క లేకుండా, నా చేతిలోంచి తువ్వాలు తీసుకుని పిండి చూపించి, ఇదంతా నేర్పారు.

ఆ తీగ నాకు ఆ ఊరి వాతావరణాన్ని నేర్పింది. అక్కడ గాలులకు పేర్లున్నాయి, ఆ పేర్లు రోజూ మాటల్లో ఉంటాయి. బూరా అంటే ఈశాన్యం నుంచి కొండల మీదుగా దూకే చలిగాలి. పొడిగా, కత్తిలా ఉంటుంది. అది వీచిన రోజు ఆకాశం కడిగినట్టుంటుంది, దుప్పట్లు గంటలో ఆరిపోతాయి, క్లిప్పులు గట్టివి కాకపోతే ఎగిరిపోతాయి కూడా. ఒక్కోసారి పడవలు ఆగిపోతాయి, వంతెనలు మూసేస్తారు. యూగో అంటే ఆగ్నేయం నుంచి వచ్చే తడిగాలి. సముద్రం బూడిదరంగుకు తిరుగుతుంది, మెట్లు చెమర్చినట్టు తడుస్తాయి, తలనొప్పి పట్టుకుంటుంది. మన ఉక్కపోతలో పెరిగినదాన్ని కాబట్టి నాకు తడి కొత్త కాదు కానీ, తడీ చలీ కలిసి రావడం కొత్త. పూర్వం దుబ్రోవ్నిక్ గణరాజ్యంలో యూగో వీచే రోజుల్లో పెద్ద నిర్ణయాలు తీసుకునేవారు కాదని అక్కడ చెప్పుకుంటారు. యూగో వీచిన రోజు మా ఇంటావిడ నా తీగ వంక చూసి తల అడ్డంగా ఊపేవారు. ఆ రోజు బట్టలు ఉతకద్దని అర్థం.

జనవరిలో ఆ రాతి ఇల్లు ఎంత చల్లగా ఉంటుందో ఏ ప్రకటనలోనూ రాయరు. బయట ఎనిమిది డిగ్రీలుంటే లోపలా దాదాపు అంతే అనిపిస్తుంది. చాలా ఇళ్లలో వెచ్చదనానికి ఉన్నది ఏసీ ఒక్కటే, అదే వేడిగాలి వదులుతుంది. అదీ ఓవెనూ కలిపి వేస్తే ఫ్యూజు పోయేది. బీరువా వెనక బూజు పట్టింది. గోడలు మందం కాబట్టి ముందు గదిలో ఉన్న వైఫై వెనక గదికి అందేది కాదు. అయినా చెప్తున్నాను, వెళ్లేవాళ్లు చలికాలంలోనే వెళ్లండి. వేసవిలో ఆ ఊరు అతిథులకు వడ్డించే పనిలో ఉంటుంది. నవంబరులో దుకాణదారుకు మనతో మాట్లాడే తీరిక దొరుకుతుంది. పజార్ అనే కూరగాయల సంతలో, డయోక్లీషియన్ కోట తూర్పు గోడ పక్కన, ఒక ముసలావిడ దగ్గర రోజూ బచ్చలిలాంటి ఆకుకూర కొనేదాన్ని. బ్లిత్వా అంటారు, బంగాళాదుంపలతో ఉడికించి ఆలివ్ నూనె వేస్తారు. మూడో వారానికి ఆవిడ నన్ను చూడగానే కట్ట తీసి పక్కన పెట్టేవారు.

డయోక్లీషియన్ అన్నాను కదా, ఆయన గురించి రెండు మాటలు. రోమన్ చక్రవర్తి. 305లో తనంతట తాను సింహాసనం దిగి, తాను పుట్టాడని చెప్పే సలోనా దగ్గరే సముద్రపు ఒడ్డున కట్టించుకున్న ఆ కోటకు వచ్చేశాడు. మళ్లీ రాజ్యం ఏలమని పిలిస్తే, నా చేతులతో వేసుకున్న క్యాబేజీలు మీరు చూసి ఉంటే ఆ మాట అడిగేవారు కాదు అన్నాడని చెప్తారు. ఏడో శతాబ్దంలో సలోనా నాశనమైనప్పుడు జనం ఆ కోటలోకి వచ్చి తలదాచుకున్నారు. అప్పటి నుంచి ఇవాళ్టిదాకా అది మనుషులు కాపురముంటున్న కోట. చక్రవర్తి తాగిన యాడ్రో నది నీళ్లే ఇప్పటికీ స్ప్లిట్ కుళాయిల్లో వస్తాయి. 1979లో యునెస్కో ఆ కోటను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ కోట గోడల మధ్యా తీరామోలాల మీద పిల్లల బట్టలు ఆరేస్తారు. నాకు అన్నిటికంటే నచ్చిన దృశ్యం అది. కానీ ప్రతి ఏడూ ఆ బట్టలు తగ్గుతున్నాయని మా ఇంటావిడ అనేవారు. కాపురాలు పోయి గదులు మిగులుతున్నాయి.

ఇక్కడ నా మనసులో ఉన్న మాట చెప్పాలి. మేము కూడా ఆ గదులు నింపేవాళ్లమే. నాలాంటివాళ్లను డిజిటల్ నోమాడ్, అంటే ల్యాప్‌టాప్‌తో తిరిగే సంచారి, అంటున్నారు. ఆ పదం నాకు నప్పలేదు. మన సంచార జాతులవాళ్లకు ఏ బీడులో ఏ నెల గడ్డి ఉంటుందో, ఏ ఊరివాళ్లకు ఏం బాకీ ఉన్నామో తెలుసు. తిరిగే దారి పొడుగునా వాళ్లకు సంబంధాలుంటాయి. దూరం నుంచి పనిచేసేవాళ్లకు ఆ అవసరమే రాదు. జీతం వేరే దేశం నుంచి వస్తుంది, మాటలన్నీ స్క్రీన్‌లోనే అయిపోతాయి. ఇంటి ఓనరు, కాఫీ దుకాణం తప్ప ఆ ఊళ్లో ఎవరితోనూ పని పడదు. స్ప్లిట్ టీచరు జీతంతో కట్టలేని అద్దె మనం ఇవ్వగలం. పన్ను కూడా కట్టం. ఆ ఊరివాళ్లకు మన మీద కోపం వస్తే అది న్యాయమైన కోపమే. బార్సిలోనా నగరం 2028 నవంబరుకల్లా పర్యాటకుల ఫ్లాట్ల లైసెన్సులు పదివేలకు పైగా ఆపేస్తామని 2024లో ప్రకటించింది. క్రొయేషియా 2025 నుంచి కొత్త ఆస్తి పన్ను తెచ్చింది. సొంతానికి ఉండే ఇల్లు, ఏడాది పొడుగునా అద్దెకిచ్చే ఇల్లు అయితే ఆ పన్ను లేదు. అపార్టుమెంట్లో కొత్తగా రోజువారీ అద్దెకివ్వాలంటే మూడింట రెండొంతుల యజమానుల ఒప్పుదల ఉండాలన్నారు. ఇవి మంచి చట్టాలని నా నమ్మకం, నాలాంటివాళ్లకు ఇల్లు దొరకడం ఇంకా కష్టమైనా సరే.

నేను వెళ్లిన రెండో వారంలో పక్కింటి పెద్దాయన తలుపు తట్టారు. రాత్రి పదిన్నర. నేను కిటికీ దగ్గర కూర్చుని హెడ్‌సెట్ పెట్టుకుని మాట్లాడుతున్నాను. హెడ్‌సెట్ ఉంటే మనకు ఎదుటివాళ్ల గొంతే వినిపిస్తుంది, మన గొంతు ఎంత పెద్దగా ఉందో తెలియదు. ఆ సన్నని రాతి సందులో నా మాట నాలుగిళ్ల అవతలికి వినిపిస్తోందట. ఆయన మనవరాలు నిద్రపోవడం లేదట. కోపంగా రాలేదాయన, రెండు అరచేతులు చెంప కింద పెట్టుకుని పాప నిద్ర అని సైగ చేశారు. పదకొండేళ్లు నిద్ర లేకుండా బతికి, నిద్ర కోసం ఆ దేశం వెళ్లి, ఒక చంటిపిల్ల నిద్ర చెడగొట్టాను. ఆ రాత్రే వెనక గదికి మారాను. మర్నాడు వైఫై కోసం యాభై మీటర్ల కేబుల్ కొని, గోడ వెంట లాగి, మేకులు కొట్టకుండా టేపు అంటించుకున్నాను. తర్వాత వారం పెద్దాయన ఒక సంచీడు నిమ్మకాయలు తెచ్చిచ్చారు.

భాష కూడా నేర్చుకున్నాను. వారానికి రెండు ఉదయాలు క్లాసు. అందరూ క్రొయేషియన్ భయంకరం, ఏడు విభక్తులున్నాయి అని బెదిరించారు. మనం బడిలో ఎనిమిది విభక్తులు వల్లెవేసినవాళ్లం. స్ప్లిట్‌లో అనడానికి ఉ స్ప్లితు, స్ప్లిట్ నుంచి అనడానికి ఇజ్ స్ప్లిత. ఇంగ్లీషువాళ్లకు మాట చివర మారడం వింత. మనకు ఊరు, ఊళ్లో, ఊరికి అనడం పుట్టుకతో వచ్చింది. తెలుగు వచ్చినవాళ్లు ఆ భాషకు భయపడక్కర్లేదు. ఏడాది చివరికి నాకు సంతలో బేరం, బస్సులో దారి, డాక్టరు దగ్గర నొప్పి చెప్పుకోవడం వచ్చాయి. అంతకంటే పోమాలో అనే మాట వచ్చింది. మెల్లగా, నిదానంగా, తొందరేముంది, అన్నీ కలిపి ఒక్క మాట. ఎలా ఉన్నావు అంటే జవాబు పోమాలో. పని ఎప్పుడవుతుంది అన్నా పోమాలో.

కాఫీ దుకాణాల గురించి ఒక సలహా. స్ప్లిట్‌లో కవా అంటే ఇద్దరు మనుషులు గంటన్నర మాట్లాడుకోవడం. ఒక్క కప్పు చెప్పి, ల్యాప్‌టాప్ తెరిచి, బల్ల ఆక్రమించుకునే వాళ్లను చాలామందిని చూశాను. నాకు నచ్చలేదు. పని ఇంట్లో చేసుకోండి, కవాకు ఖాళీ చేతులతో వెళ్లండి.

నవంబరులో అమ్మ వచ్చింది. క్రొయేషియా 2023 జనవరి 1న, ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమి షెంగెన్‌లో చేరింది కాబట్టి తొంభై రోజుల లోపు వీసా మీద వచ్చింది. అప్పుడే మా ఇంటావిడ బ్రాచ్ దీవిలో తన ఆలివ్ చెట్ల కాయలు కోసుకొచ్చారు. స్ప్లిట్ నుంచి పడవలో యాభై నిమిషాల దూరం ఆ దీవి. పచ్చి ఆలివ్ కాయ నోట పెట్టలేనంత చేదు. రోజూ నీళ్లు మారుస్తూ నానబెట్టి, చేదు దిగాక ఉప్పునీళ్లలో ఊరవేస్తారు. ఉప్పు చాలిందో లేదో చూడటానికి ఆవిడ ఒక పచ్చి గుడ్డు ఆ నీళ్లలో వదిలారు. మునిగింది. ఇంకో గుప్పెడు ఉప్పు వేసి కలిపారు. గుడ్డు లేచి, రూపాయి బిళ్లంత పెంకు నీళ్లపైన కనబడగానే అమ్మ "చాలు వదినగారూ, సరిపోయింది" అంది. ఆవిడకు తెలుగు రాదు, అమ్మకు క్రొయేషియన్ రాదు. ఆవిడ తల ఊపి సీసా మూత పెట్టారు. అమ్మ మేడ మీదికి వెళ్లి, విశాఖ నుంచి మోసుకొచ్చిన ఆవకాయ తెచ్చి ఆవిడ ముందు పెట్టింది. ఆ సాయంత్రమంతా ఇద్దరూ వంటింట్లోనే ఉన్నారు. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు, నేను మీటింగ్‌లో ఉన్నాను.

జనవరి ఒకటో తేదీ పొద్దున అమ్మను బాచ్వీత్సే బీచికి తీసుకెళ్లాను. అక్కడ పిట్సిగిన్ అనే ఆట ఆడతారు. చీలమండల లోతు నీళ్లలో ఐదుగురు గుండ్రంగా నిలబడి, పైతోలు వలిచిన టెన్నిస్ బంతిని అరచేత్తో కొడుతూ నీళ్లలో పడకుండా చూస్తారు. అవసరమైతే గాలిలోకి ఎగిరి, నీళ్లలో బోర్లా పడైనా బంతిని లేపుతారు. జట్లు లేవు, స్కోరు లేదు. కొత్త సంవత్సరం రోజు ఆ చలిలో అరవై ఏళ్లవాళ్లు నిక్కర్లతో ఆడుతుంటే, అమ్మ శాలువా బిగించుకుని గంటసేపు కదలకుండా చూసింది.

ఇంకొకరి గురించి చెప్పకపోతే ఈ ప్రసంగం అబద్ధమవుతుంది. నా పని రాత్రి పదకొండుకు అయ్యేది. వంట చేసుకోలేని రోజు తిండి తెప్పించుకునేదాన్ని. తెచ్చేవాడు చాలాసార్లు ఒకే కుర్రాడు, నేపాల్ నుంచి వచ్చాడు. హిందీలో మాట్లాడుకునేవాళ్లం, నన్ను దీదీ అనేవాడు. ఒక రాత్రి యూగో వాన. మెట్లు ఎక్కి వచ్చి ఆయాసపడుతుంటే లోపల కూర్చోబెట్టి టీ ఇచ్చాను. పొద్దున పదకొండు నుంచి సైకిల్ మీద ఉన్నాడు. ఇంట్లో తొమ్మిదిమంది, మంచాలు వంతులవారీ. ఇక్కడికి రావడానికి ఒక ఏజెంటుకు అప్పు చేసి కట్టాడు. అతని పర్మిట్ ఒక యజమానికి కట్టేసి ఉంటుంది. అతని జీతంలో పన్ను కోసుకుంటారు. 2024లో క్రొయేషియా విదేశీ కార్మికులకు రెండు లక్షలకు పైగా అనుమతులిచ్చింది. నేపాల్, ఇండియా ఆ జాబితాలో పైవరసలోనే ఉన్నాయి. అతనూ నేనూ ఒకే ఖండం నుంచి ఒకే ఊరికి వచ్చాం. నాకు పగలు దొరికింది. రాత్రిళ్లు అతని వంతుకు వెళ్లాయి.

ఆ తర్వాత రాత్రిపూట తెప్పించుకోవడం తగ్గించాను. దానివల్ల అతనికి మేలేమీ జరగలేదు, ఒక ఆర్డరు తగ్గింది అంతే. మేలు జరిగింది ఇంకో పనివల్ల. అతనికి వచ్చిన ఒప్పంద పత్రం క్రొయేషియన్‌లో ఉంది, చదవడం రాదు. నా భాషా క్లాసు టీచరును అడిగి, ఒక శనివారం ముగ్గురం కూర్చుని, ప్రతి వాక్యం హిందీలో రాసుకున్నాం. సెలవు రోజులు ఎన్నో, ఓవర్‌టైమ్ ఎలా లెక్కిస్తారో అతనికి ఆ రోజే తెలిసింది. తర్వాత తన గదిలోవాళ్లను ఇద్దరిని తీసుకొచ్చాడు. ల్యాప్‌టాప్‌తో ఆ దేశాలకు వెళ్లే మీరందరూ ఇలాంటివాళ్లను చూస్తారు. దయచేసి తలుపు దగ్గర పార్సిల్ తీసుకుని మూసేయకండి. మీకు తీరిక ఉంది, ఇంగ్లీషు వచ్చు, ఆఫీసుల చుట్టూ తిరగడం వచ్చు. అవి వాళ్లకు లేవు.

మే నెలాఖరుకు ఇల్లు ఖాళీ చేశాను. ముందే తెలిసినా, సామాను సర్దుతుంటే బాధగానే ఉంది. మిగతా నెలలు సోలిన్‌లో ఒక గది దొరికింది, పాత సలోనా శిథిలాల పక్కన. మళ్లీ పోలీసు స్టేషన్, మళ్లీ చిరునామా నమోదు. వేసవి మధ్యాహ్నాలు ఆ వేడికి ఒళ్లు కదలదు, బుర్ర కదలదు. ఆ స్థితికి వాళ్లు ఫ్యాకా అని పేరు పెట్టారు, సిగ్గుపడరు. నాకు మూడింటికి పని మొదలయ్యేది కాబట్టి ఫ్యాకాకు సమయం చాలేది కాదు.

ప్రశ్నలేమైనా ఉంటే అడగండి. ఆ వెనక ఉన్న అమ్మాయి చెప్పు తల్లీ. మళ్లీ వెళ్తారా అంటున్నావా?

ఏడాది తర్వాత నాకు అర్థమైంది ఏమిటంటే, నాకు కావలసింది పగలు. సముద్రం మనకూ ఉంది. తిరిగొచ్చాక మా కంపెనీలోనే యూరప్ టీమ్‌కు మార్చమని అడిగాను. నాలుగు నెలలు పట్టింది, ఇచ్చారు. ఇప్పుడు వేసవిలో నా పని మధ్యాహ్నం పన్నెండున్నరకు మొదలై రాత్రి ఎనిమిదిన్నరకు అయిపోతుంది. పొద్దున ఆరింటికి అమ్మా నేనూ బీచ్ రోడ్డు మీద నడుస్తున్నాం. కిటికీలకు నల్ల గుడ్డ తీసేశాం. రాత్రి షిఫ్టులో ఉన్నవాళ్లు విమానం టికెట్ కంటే ముందు ఈ మాట మీ మేనేజరును అడిగి చూడండి. అడక్కుండా పదకొండేళ్లు గడిపాను నేను.

వెళ్తానా అంటే, వెళ్తాను. ఉండటానికి కాదు, చూడటానికి. నవంబరులో, ఆలివ్ కాయలు కోసే వారం. మా ఇంటావిడకు ఈమధ్యే మనవడు వాట్సాప్ నేర్పాడు. మొన్న ఉదయం ఒక ఫొటో పంపారు. నా కిటికీ, నా తీరామోలా. దాని మీద చిన్నపిల్లల గౌన్లు నాలుగు, గాలికి అడ్డంగా లేచి ఉన్నాయి. పక్కింటి పెద్దాయన కూతురు ఆ ఇల్లు ఏడాది అద్దెకు తీసుకుందట. ఫొటో కింద ఒక్క మాట రాశారు. బూరా.